నడుం కొలతలు

వాక్లీలో, ఏటవాలు వీధి మలుపులో
మెట్లకింద గదంత కొట్టు నాది.
షెఫీల్డ్‌లో సగంమంది నడుములు నా టేపుకి తెలుసు.
క్రిస్మస్ వెళ్ళాక ముప్పై నాలుగు ముప్పై ఆరవుతుంది,
పెళ్ళి దగ్గర పడితే ముప్పై ఎనిమిది
ముప్పై అయిదు కావాలంటుంది.
వదులు చేస్తాను, బిగిస్తాను.
నాది మాత్రం
నాలుగో పూసకీ అయిదో పూసకీ మధ్య
ఎవరో హడావిడిగా కుట్టి
సూది లోపలే మరిచిపోయినట్టుంది.

తెల్లారి మంచం దిగడం ఒక బేరం.
ముందు ఎడమ పక్కకి, తర్వాత మోచెయ్యి,
తర్వాత ఒక కాలు,
తుమ్ము రాకూడదని దణ్ణం పెట్టుకుని రెండోది.
చిన్నప్పుడు తుమ్మితే చిరంజీవ అనేది అమ్మమ్మ.
ఇప్పుడు తుమ్మితే
పిరుదు నించి మడమదాకా ఒక మెరుపు
ఇల్లు తెలిసిన పోస్ట్‌మాన్‌లా
ఎక్కడా ఆగకుండా దిగిపోతుంది.

ఫిజియో పేరు ఫియోనా.
ప్లాస్టిక్ వెన్నెముకని వానపాములా ఆడిస్తూ
నొప్పి వేరు, దెబ్బ వేరు అంటుంది.
నాకు అర్థమైంది. కాలికి ఎవరు చెబుతారు?
పిల్లిలా వంగమంది, ఆవులా సాగమంది.
కార్పెట్ మీద రోజుకి పదిసార్లు
నేనే ఒక పశువుల కొట్టాన్ని.

మంగళవారాలు ఆస్పత్రిలో వేడినీళ్ళ కొలను.
ఉక్కు మిల్లులో ముప్పై ఏళ్ళు చేసిన డెరిక్, నేనూ
రబ్బరు గొట్టాలు పట్టుకుని
చిన్నపిల్లల్లా తేలుతాం.
నీళ్ళలో నా బరువు నాది కాదు.
గట్టెక్కే మూడు మెట్ల దగ్గర
తాకట్టు సామానులా
మొత్తం లెక్కపెట్టి తిరిగి ఇచ్చేస్తారు.

ఒకాయన పదిహేడు సూదులు గుచ్చాడు.
సూదులు నాకు కొత్తకాదు,
గుడ్డ వైపున ఉండటమే కొత్త.
ఇంజక్షన్ ఆరు వారాలు పనిచేసింది.
ఆశకొద్దీ ఆ ఆరు వారాల్లోనే
అటక కూడా సర్దాను.
ఏడో వారం వడ్డీతో వచ్చింది.

పిన్ని వావిలాకు కాపడం అంటుంది ఫోన్లో.
ఇక్కడ వావిలి ఎక్కడ పిన్నీ?
పక్కింటి డోరీన్ గోధుమల సంచి కుట్టించుకుని
నాకే బహుమానమిచ్చింది.
రెండు నిమిషాలు వేడిచేసి నడుం కింద పెడితే
గదంతా వేయించిన గోధుమల వాసన.
పిన్నిదీ డోరీన్‌దీ ఒకటే వైద్యం,
రాత్రి తొమ్మిది నుంచి పదింపావు దాకా.

మన భాషదీ తప్పుంది.
పని మొదలెడితే నడుం కట్టాలి,
పంతం పడితే నడుం బిగించాలి,
అలిసిపోతే నడుం వాల్చాలి.
అన్నీ దీని నెత్తినే పెట్టారు.
మోకాలు ఏం చేస్తోందట?

ఇక్కడ కత్తి పట్టేవాణ్ణి డాక్టరనరు, మిస్టరంటారు.
మిస్టర్ ఎల్వుడ్ మర్యాదస్తుడు,
నూటికి ఎనభై అన్నాడు.
మిగతా ఇరవై మంది ఎక్కడ కూర్చుంటారని అడగలేదు.
కత్తెర పడ్డ గుడ్డని
మళ్ళీ తానుకి అతికించలేమని
నాకంటే ఎవరికి తెలుసు?
ఇంకా కొలుచుకుంటున్నాను, అన్నాను.

ఉత్తరం వచ్చింది.
సరేనో కాదో ఇరవై ఎనిమిదిలోగా చెప్పాలి.
మా ఆయన దాన్ని ఫ్రిజ్ తలుపు పైభాగాన పెట్టాడు.
పట్టకారుతో అందుకుని, దించి,
నేలకి జానెడెత్తులో అయస్కాంతం కింద అంటించాను.
వంగి చదవగలిగిన రోజు
ఇక దాంతో పనే ఉండదని నా లెక్క.

నిన్న మధ్యాహ్నం మళ్ళీ పట్టేసింది.
వంటగది నేలమీద వెల్లకిలా, పిక్కలు కుర్చీ మీద.
బల్ల అడుగున
మా పిల్ల ఏనాడో అంటించిన చూయింగ్ గమ్.
పొయ్యి కింద ఒక పెసరబద్ద.
తల పక్కకి తిప్పితే
సరిగ్గా కంటికెదురుగా, అక్షరం అక్షరం కనిపించేలా
ఆ ఉత్తరం.

ఇంకా తొమ్మిది రోజులుంది.
బల్ల మీద ఫోను మోగుతోంది.
ఎవరిదో ప్యాంటు
నడుం దగ్గర పట్టడం లేదేమో.